సుత్తి చప్పుడుకి వచ్చేవాడు

సెప్టెంబరు 4, గురువారం

చిట్టి వచ్చి వెళ్ళింది. రెండు గిన్నెల నిండా కూరలు, వాటితో పాటు బోలెడు ఉపదేశం. "అన్నయ్య పోయాక నువ్వొక్కదానివే ఈ షాపు వెనక గదుల్లో ఎందుకు వదినా? అద్దెకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్. లేవకు, లేవకు, గిన్నెలు నేను కడుగుతాగా." ఆడపడుచు ఇంత మంచిదైతే పోట్లాడుకోవడానికి కూడా కుదరదు. ఆ "పోయాక" అనే మాట మాత్రం నాకు గిట్టదు.

సోఫాల షాపు తీయలేదు. బల్ల మీద టీచరుగారి కుర్చీ అలాగే ఉంది. సీటుకి ఆయన నవారు పట్టీలు సగం బిగించారు, సగం వేలాడుతున్నాయి. సుత్తి కుర్చీ పక్కనే పెట్టి, మంచినీళ్ళు తాగి వస్తానని లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత ఇంటి నిండా జనం. సుత్తి పెట్టినచోటే ఉంది. చిట్టి సర్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

సాయంత్రం టీచరుగారు ఫోన్ చేశారు. "సారు ఉన్నారా అమ్మా?"

"ఊళ్ళో లేరండీ. వచ్చాక చెప్తాను."

నోటికి అదే వచ్చింది.


సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దున్నే ఎవరో అమ్మాయి ఫోన్. "సార్ మొబైలు ఆఫ్‌లో ఉందండీ, అందుకే ఈ నంబరుకి చేశాను. మేస్త్రి రెడీ. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?"

మేమేమీ కట్టించడం లేదమ్మా, మాకు మేస్త్రి ఎందుకు అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మేస్త్రి అంటే కుక్కట. ఊరి చివర దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటు ఒకటుంది, అక్కడ ఉంటుందట. ఏదో బండి గుద్దేసి వెనక కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. ఆయన దాన్ని పెంచుకుంటానని మాటిచ్చి, ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి వస్తున్నారట.

నాకు పేకాటకని చెప్పేవారు! ప్యాంటు నిండా బొచ్చుతో తిరిగొస్తే, ఏం పేకాటండీ, పిల్లులతో ఆడుతున్నారా అని నేనే అడిగాను ఒకసారి.

కుక్క సంగతి నా దగ్గర ఒక్కసారే ఎత్తారు, అన్నం తింటూ. "కాళ్ళు విరిగిన కుర్చీలు చాలవా, కాళ్ళు పడిపోయిన కుక్క కూడా కావాలా ఇంటికి?" అన్నాను. "కాళ్ళున్నాయే, పనిచేయవంతే. నా మోకాళ్ళూ అంతేగా, నన్ను ఉంచుకోలేదూ?" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసిందనుకున్నాను.

రేపు వెళ్ళి వద్దని చెప్పి వస్తాను. ఇలాంటివి ఫోన్‌లో చెబితే బాగుండదు.


సెప్టెంబరు 6, శనివారం

తెచ్చాను.

వాన వల్ల. వాన లేకపోతే తెచ్చేదాన్ని కాదు. అక్కడ నిలబడి వాదించే ఓపిక లేకపోయింది.

గోధుమ రంగు, ఒక చెవి సగం మడతపడి ఉంది. అరవదు. దగ్గరికి వెళితే నా చెయ్యి చాలాసేపు వాసన చూసింది. చూసి, తలెత్తి నా మొహం చూసింది. ఆ తర్వాత నన్ను దాటి వెనక గేటు వైపు చూసింది. చూస్తూనే ఉంది. "ఈమధ్య సార్ రావట్లేదు, ఏమైందా అనుకుంటున్నాం" అంది ఆ అమ్మాయి. ఊళ్ళో లేరన్నాను.

మేస్త్రి అని పేరు పెట్టింది ఆయనేనట. అక్కడి బెంచీలు ఆయనే బాగుచేసి పెట్టారట, కుక్కలకి నవారు మంచాలు కూడా. ఆయన మేకులు కొడుతున్నంతసేపూ ఇది పక్కన కూర్చుని ఒక్కో మేకూ తనిఖీ చేసినట్టు చూసేదట. ఆ మంచాలు చూశాను. నేలకి బెత్తెడు ఎత్తు, బిర్రుగా లాగి కట్టిన నవారు, పైన ఒక పల్చటి దుప్పటి. ఇంట్లో ఇంత మంచి స్పాంజి పెట్టుకుని ఇదేం పిసినారి పని చేశారో అనుకున్నాను.

ఆ అమ్మాయి అన్నీ చూపించింది. పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగం ఎలా ఎత్తి పట్టుకోవాలో, పొత్తికడుపు నొక్కి ఒంటేలు ఎలా పోయించాలో, వెనక పాదాలు రాసుకుపోకుండా మేజోళ్ళు ఎలా తొడగాలో. బుర్ర ఊపాను గానీ సగం ఎక్కలేదు.

సోమవారం తిరిగి ఇచ్చేస్తానని ఆ అమ్మాయికి చెప్పే తెచ్చాను.


సెప్టెంబరు 7, ఆదివారం

గది మధ్యలో తడి. నేను తుడుస్తుంటే తల దించుకుని, తప్పు చేసిన పెద్దమనిషిలా పక్కకి చూస్తోంది. తిట్టబుద్ధి కాలేదు.

రోజంతా వీధి తలుపు వైపే మొహం పెట్టి పడుకుంది. గాలి కోసం కాబోలు.


సెప్టెంబరు 8, సోమవారం

టాక్సీ దొరకలేదు. వచ్చే సోమవారం.


సెప్టెంబరు 11, గురువారం

ఉన్నన్నాళ్ళయినా సుఖంగా ఉండనీ అని పరుపు కుట్టాను. సూదీ దారమూ ముట్టుకున్నది లేదు ఇన్నాళ్ళూ, కత్తెర పట్టుకోగానే చేతులకి అన్నీ వాటంతట అవే గుర్తొచ్చాయి. మా ఇద్దరి పనీ మొదటినుంచీ అంతే, కోత, కుట్టు నావి, మేకు, సుత్తి ఆయనవి.

అడుగున గట్టి స్పాంజి, దాని మీద మెత్తది, ఆ పైన ఇంకా మెత్తది. చుట్టూ గుండ్రటి అంచు. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని నీలం వెల్వెట్ పైన. అందులో పడుకోబెడితే మెడ దాకా కూరుకుపోయింది. దాని మీద పడుకుంటే రాజులైనా రాజ్యాలు వద్దంటారు.

చిట్టి చూసి ముక్కున వేలేసుకుంది. "నీకే ఒక మనిషి సాయం కావాలి, నువ్వు దీనికి చాకిరీ చేస్తావా? అన్నయ్య ఉంటే వేరు వదినా."

సోమవారం ఇచ్చేస్తున్నాగా అన్నాను.


సెప్టెంబరు 15, సోమవారం

తలనొప్పి. ఎక్కడికీ వెళ్ళలేదు.

అది ఎంత సుఖంగా ఉందో! పొద్దున ఎలా పడుకోబెట్టానో సాయంత్రం దాకా అలాగే ఉంది.


సెప్టెంబరు 19, శుక్రవారం

"అసలు కదలదేంటి వదినా ఇది?" అంది చిట్టి.

"సుఖంగా ఉన్నవాళ్ళు ఎందుకు కదుల్తారు?"

"తెచ్చిన కొత్తలో ముందు కాళ్ళతో పాకేదన్నావుగా?"

అవును, పాకేది. ఇప్పుడు అవసరం లేదు. తిండి గిన్నె మూతి దగ్గర పెడుతున్నాను. నీళ్ళూ అంతే. బయటికి చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్తున్నాను. ఎత్తుకున్నప్పుడు నా భుజం మీద గడ్డం ఆనిస్తుంది. బరువుగానే ఉంటుంది కానీ ఆ బరువు బాగుంటుంది. ఇన్ని రోజుల్లో నన్ను ఎవరూ ఇలా ఆనుకోలేదు. అందరూ నన్నే పట్టుకుని కూర్చోబెడుతున్నారు.


సెప్టెంబరు 22, సోమవారం

వాన. వచ్చే సోమవారం తప్పకుండా.


సెప్టెంబరు 26, శుక్రవారం

తుంటి దగ్గర పుండు కనిపించింది. పశువుల డాక్టరు దగ్గరికి పరుపుతో సహా తీసుకెళ్ళాను. అక్కడ కూర్చున్న వాళ్ళంతా పరుపునే చూస్తుంటే కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎంతసేపో ఉండలేదు.

డాక్టరు పరుపు నొక్కి చూశాడు. "ఎవరమ్మా చేసింది?"

"నేనే. మాది సోఫాల పని."

"బాగా చేశారు. చిక్కంతా అదే." మేస్త్రిని నేల మీద దించి, ముందు కాళ్ళు పట్టుకుని చూపించాడు. "వీడికి ఉన్నవి ఈ రెండే. వీటితో నేలని తన్ని లాక్కోవాలి. ఈ మెత్తటి దాంట్లో తన్నడానికి ఏముంది? ఎంత తన్నినా లోపలికే పోతాడు. కొన్నాళ్ళు ప్రయత్నించి మానేసుంటాడు. చూడండి, భుజాల దగ్గర కండ ఎలా కరిగిపోయిందో."

"కదలకపోతే సుఖంగా ఉందనుకున్నానండీ."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. ముందు కాళ్ళు కూడా పోయాయంటే చక్రాల బండి కట్టినా లాభం లేదు. ఇక వీడికి మిగిలేది నొప్పే. అప్పుడు మీరు నన్ను వేరే పనికి పిలవాల్సి వస్తుంది."

ఏ పనో అడగలేదు. మందు రాసి, కట్టు కట్టి పంపాడు.

ఊరందరి కుర్చీలకి ఎంత గట్టి ఉండాలో, ఎంత మెత్త ఉండాలో చెప్పేదాన్ని. ముసలాళ్ళ కుర్చీకి మెత్త స్పాంజి వేయకండి, లేవలేరు అని నేనే చెబుతాను. నా నోటితో ఎన్నిసార్లు చెప్పానో.

ఆ నవారు మంచాలు పిసినారితనంతో చేసినవి కావు. నాతో ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదండీ. పేకాట అని చెప్పకపోతే ఏం పోయింది?


సెప్టెంబరు 27, శనివారం

పరుపు కోసేశాను. చిట్టి వచ్చేసరికి గది నిండా స్పాంజి ముక్కలు. "అయ్యో, అంత కష్టపడి కుట్టావు" అంటూ ఊడ్వబోయింది. "చీపురు ఇలా ఇవ్వు, నేను ఊడుస్తాను. రేపట్నుంచి క్యారేజీ కూడా తేకు చిట్టీ, నేనే వండుకుంటాను" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. సాయంత్రం ఫోన్ చేసి, వచ్చే వారం ఆదివారం మాత్రం రమ్మన్నాను, తినడానికి.

షెడ్డులో పాత మంచం చట్రం ఒకటి దొరికింది. రేపు నవారు బిగించాలి. మేకులు నేను ఎప్పుడూ కొట్టలేదు.


సెప్టెంబరు 28, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

షాపు తలుపు ఓరగా తీసి, బల్ల మీద చట్రం పెట్టాను. టీచరుగారి కుర్చీ పక్కనుంచి సుత్తి తీశాను. పిడి దగ్గర ఆయన బొటనవేలు ఆనేచోట నున్నగా గుంట పడింది. నా వేలు అందులో సరిపోలేదు. ఆయన మేకులు గుప్పెడు నోట్లో వేసుకుని, నాలుకతో ఒక్కోటీ పెదాల మీదికి తోసి, సుత్తికున్న అయస్కాంతానికి అంటించేవారు. నేనూ అలాగే చేశాను. ఇనుము రుచి. రెండు చిన్న దెబ్బలు, ఒకటి పెద్దది. టక్ టక్, ఠక్. ఎవరూ నేర్పలేదు. పక్కన కుట్టుకుంటూ ఇన్నేళ్ళు విన్న చప్పుడది, చేతికి అదే వచ్చింది.

లోపలి గదిలో ఏదో గీసుకున్న చప్పుడు.

వాడు వస్తున్నాడు. కదలనివాడు, గిన్నె మూతి దగ్గర పెడితే తప్ప తిననివాడు, ముందు కాళ్ళు వణుకుతుంటే, వెనక భాగం బస్తాలా ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చాడు. గడప దగ్గర బోర్లా పడ్డాడు. లేపుదామని వెళ్ళబోయి ఆగాను. నోట్లో మేకులు, అరవడానికి కూడా లేదు. మళ్ళీ లేచాడు. దాటాడు. తోక ఆడదు వాడికి, నడుము కింద ఏదీ ఆడదు, కానీ చెవులూ మొహమూ మొత్తం ఆడుతున్నాయి. చిన్నగా మూలుగుతున్నాడు. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

బల్ల దాకా వచ్చి నన్ను చూశాడు. నా చేతిలో సుత్తి చూశాడు. ఆ తర్వాత నన్ను దాటి వెనక్కి చూశాడు, వీధి తలుపు వైపు.

నేను చేతిలోకి మేకులు ఉమ్మేసి నేల మీద కూర్చున్నాను. "లేర్రా. ఆయన లేరు. నేనే కొట్టాను" అన్నాను. నన్ను చూడలేదు. తలుపునే చూస్తున్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ రోజు కూడా అలా ఏడవలేదు, ఆ రోజు ఎవరో ఒకరు మంచినీళ్ళు ఇచ్చి ఆపేవాళ్ళు.

చీకటి పడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు వాడు. గాలి కోసం కాదు.


సెప్టెంబరు 29, సోమవారం

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సోమవారం తీసుకొస్తానన్నారు కదండీ?"

"ఏ సోమవారమో చెప్పలేదుగా" అన్నాను.


అక్టోబరు 1, బుధవారం

రోజూ సుత్తి కొడుతున్నాను. మంచం అయిపోయింది, అయినా కొడుతున్నాను, పాత చెక్క ముక్క మీద. చప్పుడు వినగానే వస్తాడు. రోజూ గది అవతలి మూల నుంచి, గడప దాటి, బల్ల దాకా. భుజాలు గట్టిపడుతున్నాయని డాక్టరు సంతోషించాడు. "ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు. పిలిస్తే వస్తున్నాడని చెప్పాను.

పిలుస్తున్నది నేను కాదని చెప్పలేదు. వచ్చిన ప్రతిసారీ వెనక్కి చూస్తాడు. ఇది మోసం. కాళ్ళు నిలబడాలంటే వేరే దారి నాకు తెలియదు. ఇంత సాధుప్రాణిని రోజూ ఇలా మోసం చేస్తున్నానే అని కొట్టిన ప్రతి దెబ్బకీ అనిపిస్తుంది.


అక్టోబరు 5, ఆదివారం

చిట్టి తినడానికి వచ్చింది. నేను షాపులో ఉన్నాను. ఎంతసేపటికీ లోపలికి రాకపోతే తలుపు తీసి చూశాను. మెట్టు మీద నిలబడి ఉంది, చేతిలో పళ్ళ సంచి, మొహంలో రక్తం లేదు.

"బయటికి చప్పుడు వినిపించింది వదినా. ఒక్క క్షణం..."

మిగతాది చెప్పక్కర్లేదు. మేస్త్రీ, చిట్టీ ఒకలాగే చూశారు. లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. మేస్త్రి పాకుతూ వెళ్ళి చిట్టి పాదం మీద గడ్డం ఆనించాడు. ఎప్పుడూ కుక్కని ముట్టుకోనిది, వంగి వాడి మడతచెవి సరిచేసింది. చెవి మళ్ళీ మడతపడింది. సరిచేస్తూ కూర్చుంది. నేను వండిన కూరలో ఉప్పు ఎక్కువైంది, అయినా ఇద్దరం తిన్నాం.


అక్టోబరు 12, ఆదివారం

చెక్క ముక్కని కొట్టీ కొట్టీ జల్లెడ చేశాను. ఇవాళ టీచరుగారి కుర్చీ మొదలుపెట్టాను. ఆయన బిగించిన పట్టీల పక్కన నావి. ఆయనవి చేత్తో మీటితే మోగుతాయి. నావి మోగవు. విప్పి మళ్ళీ బిగించాను.

మేస్త్రి వచ్చాడు. వెనక్కి చూశాడు.


అక్టోబరు 13, సోమవారం

చూశాడు.


అక్టోబరు 17, శుక్రవారం

ఇవాళ కొంచెంసేపే చూశాడు.


అక్టోబరు 21, మంగళవారం

కుర్చీ అయిపోయింది. పీచు పరిచి, గోనె గుడ్డ వేసి, పైన ముదురు ఆకుపచ్చ గుడ్డ. ఏవి ఆయన పట్టీలో, ఏవి నావో ఇప్పుడు పైకి తెలియదు. అడుగు నుంచి చూస్తే తెలుస్తుంది.

టీచరుగారికి నేనే ఫోన్ చేశాను. "సారు వచ్చేశారా అమ్మా ఊరి నుంచి?" అన్నారు.

"రారండీ. చనిపోయారు. ఆగస్టులోనే. మీకు చెప్పలేకపోయాను."

ఆవిడ అయ్యో, అయ్యో అన్నారు. తర్వాత మెల్లగా, "మరి కుర్చీ ఎవరు చేశారమ్మా?" అన్నారు.

"సగం ఆయన చేశారండీ."


అక్టోబరు 26, ఆదివారం

టీచరుగారు కుర్చీ తీసుకెళ్ళారు. పోతూ పోతూ మేస్త్రి తల నిమిరి, వాళ్ళ అక్కగారి సోఫా పంపిస్తానన్నారు. నాకూ పని ఉండాలిగా.

మధ్యాహ్నం చక్రాల బండికి చట్రం కొట్టడం మొదలుపెట్టాను. డాక్టరు కొలతలు ఇచ్చాడు. మొదటి దెబ్బకే లోపల గీసుకున్న చప్పుడు. ఇప్పుడు గడప దగ్గర పడడం లేదు, ఒక్క ఊపులో దాటేస్తాడు. బల్ల దగ్గరికి వచ్చి నా చెప్పుల పక్కన నడుము వాల్చాడు. గడ్డం ముందు కాళ్ళ మీద పెట్టుకుని సుత్తి వైపు చూస్తున్నాడు. రెండో మేకు కొట్టాను. మూడోది. ఒక్కోటీ తనిఖీ చేస్తున్నాడు, అచ్చం ఆ అమ్మాయి చెప్పినట్టే.

వెనక్కి ఎప్పుడు చూస్తాడా అని ఆగాను.

చూడలేదు.

ఇంకో రెండు కొట్టాను. కావాలనే, ఆయనలాగే. టక్ టక్, ఠక్. వాడు నా మొహం వైపు చూసి, అప్పుడే ఆపావేం అన్నట్టు ఆవలించాడు.

వాడికి నయమవుతోందని సంతోషించాలి. డాక్టరు అదే అంటాడు, చిట్టి అదే అంటుంది. కానీ ఈ ఇంట్లో ఆయన వస్తారని నమ్మినవాడు వాడొక్కడే. నేను వద్దన్నా, లేరని చెప్పినా, రోజూ నమ్మాడు. ఇవాళ్టితో వాడూ మానేశాడు.

సుత్తి కింద పెట్టాను. నోట్లో మేకులు అలాగే ఉన్నాయి. వాడు చూడలేదని, నేనే వెనక్కి తిరిగి చూశాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది.